డేటన్ నుంచి డోవర్ దాకా: అమెరికా బడుల్లో పరిణామ పాఠం

1925 మార్చి 21న అమెరికాలోని టెనెసీ రాష్ట్ర గవర్నరు ఆస్టిన్ పే ఒక చిన్న చట్టం మీద సంతకం చేశాడు. మనిషిని దేవుడు సృష్టించాడన్న బైబిలు కథనాన్ని కాదని, మనిషి జంతువుల నుంచి పరిణమించాడని ప్రభుత్వ బడుల్లో బోధించడం ఇక నేరం. బోధించిన టీచరుకు 100 నుంచి 500 డాలర్ల జరిమానా. బిల్లు తెచ్చిన జాన్ వాషింగ్టన్ బట్లర్ ఒక రైతు. దిగువసభలో 71 మంది ఔనన్నారు, అయిదుగురే కాదన్నారు. ఈ చట్టాన్ని ఎవరూ అమలు చెయ్యబోరనే గవర్నరు నమ్మకం. రాష్ట్రంలో బడులను మెరుగుపరిచే విద్యా బిల్లు ఆయనకు ప్రాణసమానం; అది గట్టెక్కాలంటే పల్లెల సభ్యుల ఓట్లు కావాలి. బడులు బాగుపడాలని తపించిన మనిషి చేతే బడిలో సైన్సు నోరు నొక్కే చట్టానికి సంతకం పడింది.

డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. మరి ఇంత తగవు 66 ఏళ్ల తర్వాత ఎందుకు రేగింది? 1890లో అమెరికా మొత్తం మీద హైస్కూలు చదువు చదివేవాళ్లు రెండు లక్షలు. 1920 నాటికి ఇరవై లక్షలకు చేరువయ్యారు. విశ్వవిద్యాలయాల్లో పండితులు ఏం మాట్లాడుకున్నా పట్టించుకోని రైతు, తన కొడుకో కూతురో ఇంటికి తెచ్చిన పుస్తకంలో ఆ మాట కనిపించేసరికి కంగారుపడ్డాడు. పైగా ఆ బడి నడిచేది తన పన్నుతో. నా డబ్బుతో నా నమ్మకాన్నే కాదంటారా అన్న ఆ ప్రశ్నను రాజకీయ నినాదంగా మలచినవాడు విలియం జెన్నింగ్స్ బ్రయన్.

బ్రయన్‌ను మూర్ఖుడని తోసిపుచ్చడం చరిత్రకు న్యాయం కాదు. డెమోక్రాటిక్ పార్టీ మూడుసార్లు అధ్యక్ష పదవికి నిలబెట్టిన నాయకుడాయన. రైతుల పక్షాన, స్త్రీల ఓటు హక్కు పక్షాన నిలబడ్డాడు. దేశం యుద్ధం వైపు జారుతోందని 1915లో విదేశాంగ మంత్రి పదవిని వదులుకున్నాడు. బలవంతుడిదే బతుకన్న వాదం జర్మనీని యుద్ధోన్మాదంలోకి నెట్టిందని, అదే వాదం పేదవాణ్ణి నలిపేస్తుందని నిజంగా భయపడ్డాడు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. టెనెసీ బడుల్లో వాడిన 'సివిక్ బయాలజీ' పుస్తకంలో పరిణామ పాఠంతోపాటు, బలహీనుల సంతానాన్ని అరికట్టాలన్న యూజెనిక్స్ బోధన కూడా ఉంది. దాన్ని తప్పుపట్టి ఉంటే బ్రయన్ చరిత్రలో వేరే స్థానంలో ఉండేవాడు. ఆయన గురిపెట్టింది మాత్రం సైన్సు పాఠం మీద, అదీ చట్టం అనే ఆయుధంతో.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. చట్టాన్ని సవాలు చేసే టీచరు తరఫున వాదిస్తామని పౌరహక్కుల సంస్థ ఒకటి ప్రకటించింది. ఊరికి పేరొస్తుందని డేటన్ పట్టణ పెద్దలు మందుల దుకాణంలో కూర్చుని ఆలోచించి, 24 ఏళ్ల టీచరు జాన్ స్కోప్స్‌ను ఒప్పించారు. జులైలో విచారణ. స్కోప్స్ తరఫున క్లారెన్స్ డారో, ప్రభుత్వం తరఫున బ్రయన్. షికాగో రేడియో దాన్ని నేరుగా ప్రసారం చేసింది. జనం తాకిడికి కోర్టును ఆరుబయటికి మార్చిన రోజున డారో బ్రయన్‌నే బోనెక్కించి బైబిలు మీద ప్రశ్నలు గుప్పించాడు. జ్యూరీకి దోషి అని తేల్చడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. జరిమానా 100 డాలర్లు. అయిదు రోజులకే బ్రయన్ కన్నుమూశాడు. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు, జరిమానాను జ్యూరీ కాక జడ్జి ఖరారు చేయడం చెల్లదంటూ శిక్షను కొట్టేసింది. చట్టాన్ని మాత్రం ఉంచింది.

డేటన్‌లో సైన్సే నైతికంగా గెలిచిందని నాటకాలు, సినిమాలు మనకు నేర్పాయి. బడిలో జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. మిసిసిపి 1926లో, ఆర్కన్సా 1928లో ఇలాంటి చట్టాలే తెచ్చుకున్నాయి. ఆర్కన్సాలో శాసనసభ కూడా కాదు, జనమే ఓటు వేసి తెచ్చుకున్నారు. ఇంకా పెద్ద దెబ్బ చప్పుడు లేకుండా తగిలింది. దక్షిణాది రాష్ట్రాలు కొనకపోతే ప్రచురణకర్తకు నష్టం. అందుకని పాఠ్యపుస్తకాల్లో పరిణామం చివరి పేజీలకు జరిగింది, కొన్నింట్లో ఆ మాటే మాయమైంది. డార్విన్ పేరు పలచబడింది. దేశంలో ఎక్కువ రాష్ట్రాల్లో నిషేధమే లేదు. అయినా అక్కడి పిల్లలూ అవే పుస్తకాలు చదివారు. జీవశాస్త్రానికి వెన్నెముక లాంటి భావన తెలియకుండానే మూడు దశాబ్దాలపాటు తరాలు హైస్కూలు దాటిపోయాయి. ఈ మొత్తం చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఈ నిశ్శబ్దమే. కోర్టు తీర్పునైతే పై కోర్టులో ప్రశ్నించవచ్చు. పుస్తకంలో లేని పేజీ గురించి ఎవరు ఎక్కడ అప్పీలు చేస్తారు?

కాగల కార్యం గంధర్వులు తీర్చినట్టు, ఆ నిశ్శబ్దాన్ని ఛేదించింది సోవియట్ యూనియన్. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఆకాశంలోకి ఎగరగానే అమెరికా తన సైన్సు చదువు వైపు తిరిగి చూసుకుంది. మరుసటి ఏడాదే కేంద్రం విద్యకు నిధులు కుమ్మరించింది. శాస్త్రవేత్తలు, టీచర్లు కలిసి కొత్త జీవశాస్త్ర పుస్తకాలు రాశారు. వాటిలో పరిణామం ఒక అధ్యాయంగా కాక పుస్తకమంతా అల్లుకున్న సూత్రంగా వచ్చింది. మతం పేరిట రాజకీయం తీసేసిన పాఠాన్ని దేశరక్షణ పేరిట రాజకీయమే తిరిగి తెచ్చింది.

ఆ పుస్తకాలు ఆర్కన్సాలోని లిటిల్ రాక్ నగరానికి వచ్చేసరికి సూజన్ ఎపర్సన్ అనే యువ టీచరు అడకత్తెరలో పోకచెక్క అయింది. బడి ఇచ్చిన పుస్తకం చెబితే నేరస్థురాలు, చెప్పకపోతే కర్తవ్యం తప్పినట్టు. ఆమె భక్తురాలైన క్రైస్తవురాలు. అయినా కేసులో వాదిగా నిలబడింది. 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఆర్కన్సా చట్టాన్ని కొట్టేసింది. ప్రభుత్వం ఏ మతానికీ కొమ్ముకాయకూడదన్న రాజ్యాంగ సూత్రమే ఆధారం. తీర్పు రాసిన న్యాయమూర్తి ఏబ్ ఫోర్టస్, డేటన్ విచారణ నాటికి అదే టెనెసీలో కుర్రవాడు.

నిషేధం కుదరదని తేలాక సృష్టివాదులు వ్యూహం మార్చారు. బైబిలు కథనాన్నే 'సృష్టి విజ్ఞానం' అని పిలిచి, పరిణామంతో సమానంగా చెప్పాలన్నారు. 1980 ఎన్నికల ప్రచారంలో రోనాల్డ్ రీగన్ డాలస్‌లో ఆ వాదాన్ని సమర్థించాడు. మరుసటి ఏడాదే, 1981లో, ఆర్కన్సా, లూసియానా చట్టాలు చేశాయి. ఆర్కన్సా కేసులో వాదుల జాబితా చూస్తే మతానికీ సైన్సుకూ యుద్ధమన్న మాట ఎంత తప్పో తెలుస్తుంది. మొదటి పేరు మెథడిస్టు పాస్టరు బిల్ మెక్లీన్‌ది. ఆయన వెనక మెథడిస్టు, ఎపిస్కోపల్, కాథలిక్ బిషప్పులు. ప్రభుత్వం తన సాక్షిగా శ్రీలంకలో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త చంద్ర విక్రమసింఘేను పిలిపిస్తే, భూమి వయసు పది లక్షల ఏళ్లలోపని తర్కం తెలిసిన శాస్త్రవేత్త ఎవరూ నమ్మరని ఆయనే చెప్పాడు. 1982 జనవరిలో ఆ చట్టం, 1987లో సుప్రీంకోర్టు చేతిలో లూసియానా చట్టం పోయాయి.

మూడో వేషం 'తెలివైన రూపకల్పన', అంటే జీవుల వెనక ఒక తెలివైన కర్త ఉన్నాడన్న వాదం. పెన్సిల్వేనియాలోని డోవర్ పాఠశాల బోర్డు, పరిణామం మీద అనుమానాలు చెప్పే ఒక ప్రకటనను తొమ్మిదో తరగతిలో చదవాలని 2004లో తీర్మానించింది. సైన్సు టీచర్లు చదవడానికి ఒప్పుకోలేదు. పిల్లలకు అబద్ధం చెప్పబోమన్న ఆ నిరాకరణ ఈ వందేళ్లలో నాకు అత్యంత గౌరవం కలిగించే ఘట్టం. చివరికి అధికారులే వచ్చి చదివి వెళ్లారు. పదకొండుమంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆ ప్రకటన సూచించిన పుస్తకం పాత ప్రతులను పరిశీలిస్తే, 1987 తీర్పు తర్వాత 'సృష్టి' అన్నచోటల్లా 'రూపకల్పన' అని మార్చినట్టు తేలింది. ఒకచోట పాత మాట సగం చెరగక కొత్త మాటతో అతుక్కుపోయి కనిపించింది. జార్జి బుష్ నియమించిన న్యాయమూర్తి జాన్ జోన్స్ 2005 డిసెంబరులో 139 పేజీల తీర్పు ఇచ్చి, ఇది సైన్సు కాదన్నాడు. అంతకు ముందే నవంబరులో ఓటర్లు ఆ బోర్డు సభ్యులను ఇంటికి పంపారు.

పోరు ఆగలేదు. 2008లో లూసియానాలో విమర్శనాత్మక చర్చ పేరుతో ఇంకో చట్టం వచ్చింది. సంతకం చేసిన గవర్నరు బాబీ జిందాల్, పంజాబీ వలస దంపతుల బిడ్డ, బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివినవాడు. తెలిసిన మనిషి కూడా ఓట్ల లెక్కకు తలొగ్గగలడు. డాలస్, అట్లాంటా శివార్లలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు చదివేదీ ఈ బడుల్లోనే. పాఠశాల బోర్డు ఎన్నిక అక్కడ చాలామంది మనవాళ్లకు ముఖ్యమనిపించదు. డోవర్‌లో అదే ముఖ్యమైంది.

అసలు పరీక్ష తరగతి గదిలోనే జరుగుతోంది. 926 మంది హైస్కూలు జీవశాస్త్ర టీచర్లను ప్రశ్నించి 2011లో ప్రచురించిన సర్వేలో, సృష్టివాదాన్ని బోధించేవాళ్లు 13 శాతం, పరిణామాన్ని సూటిగా చెప్పేవాళ్లు 28 శాతం. మిగతా సుమారు 60 శాతం గొడవకు భయపడి తప్పించుకునేవాళ్లు. డేటన్ తర్వాత ప్రచురణకర్తలు చేసిన పనే వీళ్లూ చేస్తున్నారు. అయితే 2019లో మళ్లీ అడిగినప్పుడు, సృష్టివాదానికి విలువ ఇవ్వకుండా పరిణామాన్ని నిలదొక్కుకున్న శాస్త్రంగా బోధించే టీచర్లు 51 శాతం నుంచి 67 శాతానికి పెరిగారు. కోర్టులు కొత్తగా ఏ తీర్పూ ఇవ్వకుండానే వచ్చిన మార్పిది. 2013లో వచ్చిన సైన్సు ప్రమాణాలను చాలా రాష్ట్రాలు స్వీకరించడం, టీచరు శిక్షణలోనే పరిణామం మీద కోర్సు చదివినవాళ్లు ఎక్కువగా ఉద్యోగంలోకి రావడం అందుకు కారణాలని ఆ పరిశోధకులు చెప్పారు.