దోమ పటంలో మన సైటు

యూఏఈలో ఒకప్పుడు మలేరియా ఉండేదంటే కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నమ్మరు. ఎడారిలో దోమేంటన్నా అని నవ్వుతారు. ఉండేది. ఇసుకలో కాదు, తూర్పు కొండల్లో. ఫుజైరా, దిబ్బా, మసాఫీ, రస్ అల్ ఖైమా వైపు పనిచేసిన మనవాళ్లకు అక్కడి వాదీలు తెలుసు. వాన వెలిశాక రాళ్ల మధ్య మడుగులు మిగులుతాయి. ఖర్జూరపు తోటలకు ఫలజ్ కాలువల్లో నీళ్లు పారతాయి. ఎండ తగిలే ఆ తేట నీళ్లలోనే క్యులిసిఫేసిస్ అనే అనాఫిలిస్ దోమ గుడ్లు పెడుతుంది. దోమంటే మురుగు అని చిన్నప్పటి నుంచీ వింటాం గానీ, మలేరియా దోమకు మంచి నీళ్లే ఇష్టం.

దోమను అదుపు చేయాలంటే ముందు దాని చిరునామా తెలియాలి. ఏ దేశంలోనైనా ఈ పని దాదాపు ఒకేలా జరుగుతుంది. పొడవాటి పిడి ఉన్న గరిటెతో మడుగులో, బావిలో, తొట్టెలో నీళ్లు ముంచి, ఒక్కో గరిటెకు ఎన్ని లార్వాలు వచ్చాయో రాసుకుంటారు. పశువుల కొట్టాల్లో, ఇళ్ల గోడల మీద వాలిన దోమలను గొట్టంతో పట్టి ఏ జాతో చూస్తారు. అదంతా పటం మీదకి ఎక్కిస్తారు. మేము సైటు మొదలుపెట్టే ముందు లెవెల్స్ తీసుకున్నట్టే. అక్కడ తప్పితే తర్వాతి ఖర్చంతా వృథా.

ఈ వెతుకులాట మొదలైంది మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలను తన ఒంటి మీద కుట్టనిచ్చిన రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారట. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ రాస్ పేరుతోనే ఉంది. కుట్టించుకున్నవాడి పేరు ఎంతమందికి తెలుసు?

కొండల దోమ ఒకటైతే, స్టీఫెన్సై అనే ఇంకో అనాఫిలిస్ ఉంది. అది పట్నం దోమ. 1911లో బెంట్లీ అనే డాక్టర్ బొంబాయి మలేరియా మీద నివేదిక ఇస్తూ, ఇళ్లలోని బావులే దీని పుట్టిల్లని చూపించాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, మూతలేని డ్రమ్ము, క్యూరింగ్‌కి నిలబెట్టిన నీళ్లు, బేస్‌మెంట్ గుంట: మనిషి నీళ్లు ఎక్కడ దాస్తే అదక్కడ. అంటే పటంలో దాని ఇల్లు మన సైటే. బెంట్లీ అంతకు ముందే క్రిస్టఫర్స్‌తో కలిసి బెంగాల్ డూఆర్స్ తేయాకు తోటల్లో ఇంకో మాట తేల్చాడు: వేర్వేరు ప్రాంతాల నుంచి కూలీలను తెచ్చి, అరకొర తిండితో ఒకచోట గుంపుగా ఉంచితే మలేరియా మండుతుంది. కూలీ ఒంట్లోనే కాదు, కూలీని ఉంచిన తీరులోనూ రోగం ఉందన్నమాట. లేబర్ క్యాంపులు చూసినవాళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు.

యూఏఈలో స్థానికంగా సోకిన చివరి మలేరియా కేసు 1997లో. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశాన్ని మలేరియా లేని దేశంగా గుర్తించింది. కానీ రోగం పోయింది గానీ దోమ పోలేదు. ఆ తర్వాత కనబడే కేసులు బయటి నుంచి వచ్చినవి, అంటే ఎక్కువగా మనలాంటి వాళ్లతో. దోమ మహా అయితే కొద్ది కిలోమీటర్లు ఎగురుతుంది. సెలవుకెళ్లొచ్చిన మనిషి రక్తంలో పరాన్నజీవి మాత్రం హైదరాబాద్ నుంచి దుబాయ్ దాకా సుమారు 2,500 కిలోమీటర్లు వచ్చేస్తుంది. అందులో వైవాక్స్ రకం మరీ మొండిది. కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా జ్వరంగా లేస్తుంది. ఏజెన్సీ ఊరి నుంచి వచ్చి ఐదు నెలలైంది కదా అని మనవాడు ఆ సంగతి డాక్టరుకు చెప్పడు. మాకు తెలిసిన ఒక సైటులో జ్వరం అంటే పని ఎగ్గొట్టే సాకు అనుకునేవాళ్లు. అలాంటి చోట రక్తపరీక్షకి ఎవడు వెళతాడు? పారాసెటమాల్ మింగి స్లాబ్ ఎక్కుతాడు. కింద డ్రమ్ములో స్టీఫెన్సై ఉంటే, మిగతాది అది చూసుకుంటుంది.

ఈ పట్నం దోమ పటం ఇప్పుడు పెద్దదవుతోంది కూడా. 2012లో జిబూటీలో కనబడింది, 2016లో ఇథియోపియాలో. అక్కడ పట్టణాల్లో మలేరియా పెరిగింది.

ఇక డెంగీ దోమ ఏడిస్ సంగతి వేరు. పగలు కుడుతుంది, పాత టైరులో గ్లాసెడు నీళ్లున్నా చాలు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254 మిల్లీమీటర్ల వాన పడింది. 1949 నుంచి రికార్డుల్లో అంత వాన లేదు. ఆ తర్వాత వారాల్లో డెంగీ పెరిగింది. గుడ్డు నుంచి దోమ కావడానికి ఈ వేడిలో వారం, పది రోజులు చాలు కాబట్టి, నీళ్లు తోడేది కూడా ఆ లెక్కనే ఉండాలి. ఆ వానకి మా సైటులో చివరగా తోడింది లిఫ్ట్ పిట్. పంపు పైపు అక్కడికి అందలేదు. బకెట్లతో ఎత్తిపోశాం.