పాట నెత్తిన రాగం పేరు

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం వైపు ఆదివారం ఆరాధనకు బయల్దేరే పాస్టరుగారి సంచీ విప్పితే అట్ట నలిగిన బైబిలు, పాటల పుస్తకం, ప్రసంగం పాయింట్లు రాసుకున్న డైరీ కనబడతాయి. జేబులో ఫోను సరేసరి. పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టు దిగి తిన్నగా వచ్చేవాళ్లుంటారు కాబట్టి వెతుక్కుంటూ కూర్చోవడానికి లేదు, ఏది కావాలన్నా ఠక్కున చేతికందాలి. ఈ సరంజామాలో ఏదీ ఎవరో తీరిగ్గా కూర్చుని కనిపెట్టింది కాదు. అది లేక పని ఆగిపోయినప్పుడే పుట్టింది.

తెలుగులో మొట్టమొదట అచ్చయినవే బోధకుల పుస్తకాలు. 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో మిషనరీ బెంజమిన్ షుల్జ్ ఒక చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చు వేయించాడు. మద్రాసులో ఉన్న రోజుల్లో ఆయన బైబిలును కూడా తెలుగు చేశాడు గానీ అది రాతప్రతిగానే ఉండిపోయింది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చి మళ్లీ ఆ పని ఎత్తుకున్నారు. వాళ్లకు తోడు నిలిచినవాడు ఆనందరాయరు, క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మాత్రం 1812లో బెంగాల్లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. చరిత్రల్లో దొరల పేర్లే ముందుంటాయి. ఆ తెలుగు వాక్యాల బరువు సగమైనా ఆనందరాయరు మోసి ఉంటాడని నా అనుమానం.

అదే ఏడాది మార్చి 11న సెరంపూర్ ముద్రణాలయం తగలబడింది. 14 భాషల అచ్చు అక్షరాలు, అక్కడి మిషనరీ విలియం కేరీ ఏళ్ల తరబడి రాసుకున్న ప్రతులు, కాగితం దొంతరలు మంటల్లో పోయాయి. సీసం అక్షరాలు కరిగి ముద్దకట్టాయి. అయితే అక్షరాల మూసలు చేయడానికి వాడే ఉక్కు పంచులు శిథిలాల కింద చెక్కుచెదరకుండా దొరికాయి. ఆ ముద్దల్నే మళ్లీ కరిగించి అక్షరాలు పోత పోశారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి నుంచే వెలువడ్డాయి.

పుస్తకం వచ్చింది సరే, పల్లెలో చదివేదెవరు? 1878 జూలై 3న ఒంగోలుకు దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ జాన్ క్లౌ నడిపిన మిషన్ అది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, బడి గడప తొక్కనివ్వని జనం. అలాంటివాళ్ల మధ్యకు వెళ్లే బోధకుడి చేతిలో పుస్తకం ఉన్నా, పని జరగాల్సింది పాటతోనే.

పాట అప్పటికే తయారుగా ఉంది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తు మీద కీర్తనలు కట్టాడు. ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు అతికిస్తే దీర్ఘం పలకాల్సిన చోట తుంచాలి, తుంచాల్సిన చోట సాగదీయాలి. కీర్తనకు ఆ ఇబ్బంది లేదు, పల్లవి అందుకుంటే జనం వెనకాలే వస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. కొన్నిటికి ‘ఛాయ’ అని ఇంకో పాట పేరు కూడా ఇస్తారు, అంటే ఇది ఆ వరసలో పాడుకోమని. స్వరలిపి అక్కర్లేదు, సంగీతం మాస్టారూ అక్కర్లేదు. ఆ పాత వరస తెలిసినవాడు ఊళ్లో ఒక్కడున్నా కొత్త పాట అందరి నోటికీ ఎక్కుతుంది. నన్నడిగితే పాస్టర్ల పనిముట్లలో పాట నెత్తినున్న ఈ ఒక్క వరుసను మించింది ఇంకా రాలేదు.

తర్వాతి కథ త్వరగానే అయిపోతుంది. కాథలిక్కుల రెండో వాటికన్ సభ 1963లో దేశభాషల్లో ఆరాధనకు అనుమతిచ్చింది. గురువుల శిక్షణకు 1965లో మొదలైన సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం ఉప్పల్ పక్కనే, రామంతాపూర్‌లో ఉంది. ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో పెట్టుకున్న ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ తర్వాత జంట నగరాలకు తరలివచ్చింది.

ఆపైన కంప్యూటరు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, డీటీపీ సెంటర్లు చాలాకాలం యూనికోడ్ కాని అను ఫాంట్లు వదల్లేదు. వాటిలో కొట్టిన పాటను ఫోనులో తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనబడవు. అందుకే యూత్‌లో ఎవరో ఒకరు శనివారం రాత్రి కూర్చుని తెర మీద చూపే పీపీటీల్లోకి పాటలన్నీ మళ్లీ టైపు చేస్తుంటారు. ఆ పీపీటీలే వాట్సాప్‌లో ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి పోతుంటాయి. మంచి పనే. కాకపోతే తెర మీద చోటు చాలదని రాగం, తాళం, ఛాయ ఉన్న ఆ పై వరుసను ఎత్తేస్తున్నారు. కీబోర్డు కుర్రాడు యూట్యూబ్‌లో వెతికితే ఒక్కో గాయకుడిది ఒక్కో వరస, పెద్దవాళ్లు పాడేది మరొకటి. చిన్న అక్షరాల్లోనైనా ఆ ముక్క ఉంచితే పోయేదేముంది?