శస్త్రచికిత్సానంతర వాంతుల నివారణ

శస్త్రచికిత్స జరిగిన తరువాత మొదటి 24 గంటలలో కలిగే వికారమును, వాంతులను మందులతో ముందుగానే అరికట్టుటను శస్త్రచికిత్సానంతర వాంతుల నివారణ అంటారు. నివారణ మందులు ఇవ్వనప్పుడు పూర్తి మత్తు తీసుకొన్నవారిలో సుమారు 30 శాతం మందికి వాంతులు అవుతాయి. వీటివలన కుట్లపై ఒత్తిడి పడుతుంది, ఒంటిలో నీరు తగ్గుతుంది. మత్తు పూర్తిగా వదలని రోగికి వాంతి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం కలుగవచ్చు.

చరిత్ర

ఈథర్ 1846లో, క్లోరోఫారం 1847లో మత్తుమందులుగా ప్రసిద్ధికెక్కాయి. రెండింటితోనూ వాంతులు సాధారణమే. అయితే ఆనాటి వైద్యుల మొదటి చింత రోగి ప్రాణము గురించే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలములో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో పనిచేసిన హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు కూడా గుండె, శ్వాసలపై ఆ మందు ప్రభావాన్నే పరిశీలించాయి. వాంతుల నివారణకు మంచి మందులు చాలాకాలం తరువాత వచ్చాయి.

ఎవరికి ముప్పు ఎక్కువ

1999లో క్రిస్టియన్ ఆప్ఫెల్ బృందము నాలుగు అంశాలను గుర్తించింది. అవి: స్త్రీ కావడం, పొగ త్రాగకపోవడం, ప్రయాణాలలో గాని, పూర్వపు శస్త్రచికిత్స తరువాత గాని వాంతులు అయి ఉండటం, నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వాడటం. ఒక్కటీ లేనివారికి ముప్పు సుమారు 10 శాతం, నాలుగూ ఉన్నవారికి సుమారు 80 శాతం. కావున బస్సు ప్రయాణము పడని సంగతిని రోగి మత్తు వైద్యునికి ముందే చెప్పాలి.

మందులు

* ఒండాన్‌సెట్రాన్: సెరటోనిన్ సంకేతాన్ని అడ్డగిస్తుంది. పెద్దలకు సాధారణంగా 4 మి.గ్రా. శస్త్రచికిత్స చివర ఇస్తారు. తలనొప్పి, మలబద్ధకము కలుగవచ్చు.
* డెక్సామెథసోన్: నిదానంగా పనిచేస్తుంది కనుక మత్తు ఇచ్చే సమయములోనే ఇస్తారు. మధుమేహము ఉన్నవారిలో రక్తములో చక్కెర పెరగవచ్చు.
* డ్రోపెరిడాల్: డోపమిన్ సంకేతాన్ని అడ్డగిస్తుంది. ఇదీ, ఒండాన్‌సెట్రానూ గుండె లయను మార్చవచ్చు.

2004లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనములో పై మూడింటిలో ప్రతి ఒక్కటీ ముప్పును సుమారు నాలుగో వంతు తగ్గించింది. అందుచేత ముప్పు ఎక్కువ ఉన్నవారికి వేర్వేరు రకాల మందులను కలిపి ఇస్తారు. నివారణ తరువాత కూడా 6 గంటలలోపు వాంతి అయితే అదే మందును మరల ఇవ్వక, వేరొక రకానిది ఇవ్వాలి.

ఇంటికి వెళ్ళిన తరువాత

వాంతులు ఆసుపత్రి విడిచిన తరువాత కూడా రావచ్చు. ఖమ్మంలో చికిత్స పొంది అదేరోజు పెనుబల్లికో, భద్రాచలం వైపు అటవీ గ్రామాలకో తిరిగి వెళ్ళేవారికి ప్రయాణపు కుదుపు తోడవుతుంది. ఇటువంటివారికి నోటిలో కరిగే ఒండాన్‌సెట్రాన్ మాత్రలను వైద్యులు వ్రాసి ఇవ్వవచ్చు. వాంతులు ఆగకపోయినా, నీరు కూడా నిలువకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.