భావకుని చేతిలో నవల: అమెరికా వైజ్ఞానిక, అద్భుత కల్పనా సాహిత్యంలో పాఠకాభిప్రాయం (1913–1980)

ఉపోద్ఘాతం

రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండు విధాలుగా విభజించాడు. కవికి ఉపకరించేది మొదటిది, భావకునికి ఉపకరించేది రెండవది. భావకులలో అరోచకి, సతృణాభ్యవహారి, మత్సరి, తత్త్వాభినివేశి అనే నాలుగు తెగలను కూడా అతడు గుర్తించాడు. మొదటివానికి ఏదీ రుచించదు. రెండవవాడు గడ్డిని కూడా వదలక భుజిస్తాడు. మూడవవాడు గుణం కంటబడినా ఒప్పుకోడు. కావ్యతత్త్వాన్ని పట్టుకోగల నాలుగవవాడు వేయిమందిలో ఒకడుంటే ఉంటాడని అతని అభిప్రాయం.

సాహిత్యచరిత్రలు సాధారణంగా కారయిత్రీ ప్రతిభకు సంబంధించిన చరిత్రలుగానే వెలువడుతున్నాయి. రచయితలు, రచనలు, ఉద్యమాలు అన్న క్రమంలో సాగే ఆ చరిత్రలలో పాఠకుడు కేవలం ఆదరించినవాడుగా, లేదా ఆదరించనివాడుగా మాత్రమే కనిపిస్తాడు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో వికసించిన వైజ్ఞానిక కల్పన, అద్భుత కల్పన అనే ప్రక్రియల విషయంలో ఈ పద్ధతి చాలదు. అక్కడ పాఠకులు తమ అభిప్రాయాలను సంపాదకునికి చెప్పి ఊరుకోలేదు, ఒకరితో ఒకరు పంచుకొన్నారు. ఆ సంభాషణ నుంచి విమర్శకులు, సంపాదకులు, రచయితలు పుట్టారు. కొన్ని నవలల పాఠం సైతం మారింది. ఈ పరిణామాన్ని చారిత్రక క్రమంలో పరిశీలించడం, 'పాఠకాభిప్రాయం' అన్న మాట ఎవరి అభిప్రాయాన్ని సూచించిందో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లేఖల పుట నుంచి పాఠక సంఘం వరకు

చౌక కాగితంపై అచ్చయ్యే అమెరికన్ కథాపత్రికలలో పాఠకుల లేఖలకు చోటివ్వడం వైజ్ఞానిక కల్పన కన్న పాతది. 1913లో 'ఆర్గసీ' అనే పత్రికలో ఒక యువకుడు, ఆ పత్రిక పాఠకులకు ఇష్టుడైన ఫ్రెడ్ జాక్సన్ ప్రణయకథలను తీవ్రంగా నిరసిస్తూ లేఖ రాశాడు. జాక్సన్ అభిమానులు ఎదురు లేఖలు రాశారు. వాదం పద్యాలలోకి కూడా దిగింది. ఈ కలహాన్ని గమనించిన ఔత్సాహిక పత్రికా రచయితల సంఘం ఒకటి 1914లో ఆ యువకుణ్ణి సభ్యునిగా ఆహ్వానించింది. ఏకాంతంలో మగ్గుతూ ఉన్న అతణ్ణి మళ్ళీ రచన వైపు మళ్ళించిన సందర్భం అదే. అతడు తరువాతి కాలంలో భయానక, అద్భుత కథాసాహిత్యానికి ప్రతినిధిగా నిలిచిన హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్. అరోచకిగా ప్రవేశించిన పాఠకుడు రచయితగా పరిణమించడానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

1923లో ఆరంభమైన 'వియర్డ్ టేల్స్' తన లేఖల శీర్షికకు 'ది ఐరీ' అని పేరు పెట్టుకొంది. గత సంచికలో పాఠకులు మెచ్చిన కథ ఏదో సంపాదకుడు అందులో ప్రకటించేవాడు. అయితే నిర్ణాయకమైన మార్పు 'అమేజింగ్ స్టోరీస్' పత్రికతో వచ్చింది. లక్సెంబర్గ్‌లో పుట్టి 1904లో అమెరికా చేరిన హ్యూగో గెర్న్స్‌బాక్ విద్యుత్తు, రేడియో విషయాల పత్రికలు నడిపిన అనుభవంతో 1926 ఏప్రిల్‌లో దీన్ని స్థాపించాడు. పూర్తిగా వైజ్ఞానిక కల్పనకే కేటాయించిన తొలి ఆంగ్ల పత్రిక ఇది. తొలి సంచికలో జూల్ వెర్న్, హెచ్.జి. వెల్స్, ఎడ్గార్ అలన్ పో రచనల పునర్ముద్రణలున్నాయి. 1927 జనవరి నుంచి 'డిస్కషన్స్' అనే లేఖల శీర్షిక మొదలైంది.

ఈ శీర్షికలో లేఖతో పాటు లేఖకుని పూర్తి చిరునామాను కూడా అచ్చువేసేవారు. చూడడానికి స్వల్పమైన ఈ ముద్రణ పద్ధతి వల్ల పాఠకుల సంబంధం దిశ మారింది. అంతవరకు ప్రతి పాఠకునికీ సంపాదకునితోనే సంబంధం. చిరునామా దొరికిన తరువాత ఒక ఊరిలోని పాఠకుడు మరొక ఊరిలోని పాఠకునికి నేరుగా ఉత్తరం రాయగలిగాడు. తనవంటి అభిరుచి మరెవరికీ లేదనుకొన్న కుర్రవాడికి తోడు దొరికింది. 1930లో 'సైన్స్ కరెస్పాండెన్స్ క్లబ్' పేరిట వెలువడిన 'ది కామెట్' తొలి అభిమాన పత్రికగా పరిగణన పొందింది. ఇటువంటి పత్రికలకు 'ఫ్యాన్‌జీన్' అన్న పేరు 1940లో గాని ఏర్పడలేదు.

1934లో గెర్న్స్‌బాక్ తన మరొక పత్రిక 'వండర్ స్టోరీస్' ద్వారా 'సైన్స్ ఫిక్షన్ లీగ్'ను నెలకొల్పాడు. పత్రికకు చందాదారులు పెరగడం అందులోని వ్యాపార ప్రయోజనం. కాని శాఖలుగా ఏర్పడిన పాఠకులు ఆ ప్రయోజనానికి కట్టుబడి ఉండలేదు. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఏర్పడిన శాఖ 1937 జనవరిలో పాఠకుల సమావేశాన్ని నిర్వహించింది. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా దాటని ఆర్థర్ సి. క్లార్క్ దానికి హాజరయ్యాడు. వ్యాపారి వేసిన పందిరి కింద పాఠకులు తమ సొంత సభను ఏర్పరచుకొన్నారని దీనివల్ల తెలుస్తున్నది.

అభిప్రాయం విమర్శగా పరిణమించిన క్రమం

1930లలో విశ్వవిద్యాలయాలు, ప్రతిష్ఠ గల సాహిత్య పత్రికలు ఈ ప్రక్రియను దాదాపు పట్టించుకోలేదు. ఏది మంచి కథ, ఏది కాదు అని తేల్చవలసిన బాధ్యత పాఠకులపైనే పడింది. ఈ సాహిత్యానికి విమర్శ పరిభాష, ప్రమాణాలు పండితుల గ్రంథాల కన్న ముందు లేఖల పుటలలోనూ, ఇంటి వద్ద అచ్చొత్తుకొన్న అభిమాన పత్రికలలోనూ రూపొందాయి.

'అస్టౌండింగ్' పత్రికలోని 'బ్రాస్ టాక్స్' శీర్షిక ఈ దశలో ముఖ్యమైనది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తండ్రి మిఠాయి దుకాణంలో పనిచేస్తూ పత్రికలు చదివిన ఐజాక్ అసిమోవ్ మొదట ఈ శీర్షికకు లేఖలు రాసిన పాఠకుడు. కథలను వరుసగా బేరీజు వేస్తూ లేఖలు రాసిన అతడు 1939 మార్చిలో 'అమేజింగ్ స్టోరీస్' ద్వారా కథకుడయ్యాడు. 'అస్టౌండింగ్' సంపాదకుడు జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ 1938లో 'ఎనలిటికల్ లాబొరేటరీ' అన్న శీర్షికను ప్రవేశపెట్టి, పాఠకుల లేఖల ఆధారంగా ప్రతి సంచికలోని కథలకు స్థానాలను లెక్కగట్టి ప్రకటించాడు. రుచిభేదాన్ని అంకెలలోకి తేవడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న అటుంచితే, పాఠకుని మాటకు సంపాదకీయ నిర్ణయాలలో స్థానముందని ఆ శీర్షిక బహిరంగంగా అంగీకరించింది.

1953లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సమ్మేళనంలో తొలిసారి ఇచ్చిన హ్యూగో పురస్కారాలు ఈ క్రమానికి కొనసాగింపు. ఆ ఏడాది నవలా పురస్కారం ఆల్‌ఫ్రెడ్ బెస్టర్ రచన 'ది డిమాలిష్డ్ మ్యాన్'కు దక్కింది. పండితుల సంఘం కాక, సమ్మేళన సభ్యులైన పాఠకుల ఓట్లు విజేతను నిర్ణయించడం ఈ పురస్కారం ప్రత్యేకత. దాని పేరు కూడా చిరునామాలు అచ్చువేసిన గెర్న్స్‌బాక్ పేరే.

పాఠాన్ని మార్చిన పాఠకులు

పాఠకుల అభిప్రాయం రచనకు వెలుపల నిలిచిపోక రచనలోనికి ప్రవేశించిందనడానికి మూడు నిదర్శనాలు ముఖ్యమైనవి.

మొదటిది ఎ.ఇ. వాన్ వోట్ నవల 'ది వరల్డ్ ఆఫ్ నల్-ఎ'. 1945లో 'అస్టౌండింగ్'లో ధారావాహికగా వెలువడిన ఈ నవల మేటి రచనగా ప్రచారం పొందింది. అప్పటికి ఇరవై మూడేళ్ళ డేమన్ నైట్ అదే ఏడాది ఒక అభిమాన పత్రికలో దీనిపై సుదీర్ఘమైన ఖండన రాశాడు. కథాసంవిధానంలోని పొత్తు లేనితనాన్ని, పాత్రల ప్రవర్తనకు కారణం కనిపించకపోవడాన్ని, భాషలోని అలసత్వాన్ని అతడు అంశాలవారీగా ఎత్తిచూపాడు. వాన్ వోట్ 1948లో నవలను గ్రంథరూపంలోకి తెచ్చినప్పుడు గణనీయంగా సవరించాడు. 1970 ముద్రణకు మళ్ళీ సంస్కరించి, ముందుమాటలో నైట్ విమర్శను ప్రస్తావించాడు. నైట్ సమీక్షలు 1956లో 'ఇన్ సెర్చ్ ఆఫ్ వండర్' పేరుతో గ్రంథమై ఈ ప్రక్రియ విమర్శకు పునాదిరాళ్ళలో ఒకటయ్యాయి. ఆ ఖండనలో కొంత మత్సరం ఉందని ఎవరైనా అనవచ్చు. తత్త్వాభినివేశం లేదని మాత్రం అనలేరు.

రెండవది వినోదప్రాయమైనది. 1948 నవంబరు 'అస్టౌండింగ్'లో ఒక పాఠకుని లేఖ అచ్చయింది. ఒక సంవత్సరం తరువాత రాబోయే 1949 నవంబరు సంచికను అప్పుడే చదివినట్లు ఊహించుకొని, అందులోని రచయితలను, కథల పేర్లను పేర్కొంటూ అతడు గుణదోషాలను విచారించాడు. క్యాంప్‌బెల్ ఆ రచయితలలో పలువురిని ఒప్పించి, ఏడాది తరువాత దాదాపు అటువంటి సంచికనే వెలువరించాడు. రాబర్ట్ హైన్‌లైన్ 'గల్ఫ్' అన్న పేరుకు తగిన కథను ఈ సందర్భంగానే రాశాడు. ఇక్కడ సమీక్ష ముందు, రచన వెనుక.

మూడవది ల్యారీ నివెన్ 1970లో ప్రచురించిన 'రింగ్‌వరల్డ్'. ఒక సూర్యుని చుట్టూ కట్టిన బ్రహ్మాండమైన వలయం ఇందులోని కథాస్థలం. తొలి ముద్రణలో నాయకుడు తన పుట్టినరోజును పొడిగించుకొనేందుకు భూమిపై తూర్పు దిక్కుగా ప్రయాణం చేస్తాడు. పడమటికి పోవాలి గదా అని పాఠకులు పట్టుకొన్నారు. తరువాతి ముద్రణలలో అది సవరణ పొందింది. అంతకన్న గట్టి ఆక్షేపణ మరొకటి వచ్చింది. అటువంటి వలయం గ్రహంవలె కక్ష్యలో నిలవదు, ఏమాత్రం కదిలినా క్రమంగా జరిగి సూర్యునికి తగులుతుంది. 1971లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ సమ్మేళనంలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ విద్యార్థులు ఈ విషయాన్నే నినాదాలుగా పలికారు. నివెన్ దీనికి సమాధానంగా 1980లో గ్రంథరూపం పొందిన 'ది రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్'లో ఆ అస్థిరతనే ఇతివృత్తానికి కీలకం చేశాడు. తప్పు దిద్దుకోవడం కొత్త నవలకు బీజమైంది.

అద్భుత కల్పనలో పాఠకుల ప్రభావం మరొక దారి తొక్కింది. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954–55లో వెలువడింది. 1965లో అమెరికాలో ఏస్ బుక్స్ సంస్థ రచయిత అనుమతి లేకుండా చౌక ప్రతులను విడుదల చేసింది. తనకు ఉత్తరాలు రాసిన అమెరికన్ పాఠకులకు జవాబులిస్తూ టోల్కీన్ ఈ విషయాన్ని తెలియజేశాడు. ఆ మాట పాఠకుల ద్వారా విస్తరించింది. ఒత్తిడి పెరగడంతో 1966లో ఏస్ రచయితకు పారితోషికం చెల్లించడానికి, మళ్ళీ ముద్రించకుండా ఉండడానికి అంగీకరించింది. ఆ సంస్థలో ఈ ముద్రణకు కారకుడైన సంపాదకుడు డొనాల్డ్ వోల్‌హైమ్ కూడా 1930లలో లేఖల పుటల నుంచి ఎదిగివచ్చిన అభిమానే.

ఎవరి అభిప్రాయం?

ఈ చరిత్రను పాఠకుల విజయగాథగా మాత్రమే చెప్పడం సత్యదూరం. 1939 జూలైలో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సమ్మేళనానికి సుమారు రెండు వందల మంది వచ్చారు. రాజకీయ, వ్యక్తిగత వైరాల వల్ల 'ఫ్యూచరియన్స్' అనే బృందానికి చెందిన ఆరుగురిని నిర్వాహకులు ద్వారం వద్దనే ఆపివేశారు. వారిలో వోల్‌హైమ్, ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్ ఉన్నారు. అభిప్రాయభేదంపై నిర్మించుకొన్న సమాజం తన తొలి మహాసభలోనే భేదాన్ని సహించలేకపోయింది.

స్త్రీల విషయం మరింత ఆలోచించదగింది. 1938లో యువకుడైన అసిమోవ్ వైజ్ఞానిక కథలలోకి స్త్రీ పాత్రలను, ప్రణయాన్ని తేవడాన్ని ఆక్షేపిస్తూ 'అస్టౌండింగ్'కు లేఖలు రాశాడు. స్త్రీ పాఠకులు ఆ పుటలోనే అతనికి బదులు చెప్పారు. లోపం స్త్రీ పాత్ర ఉండడంలో లేదు, ఆమెను చిత్రించిన తీరులో ఉందన్నది ఆ వాదం సారం. కుర్రవాళ్ళ సొత్తుగా పేరుపడిన ఈ ప్రక్రియకు ఆనాడే స్త్రీ పాఠకులున్నారనడానికి ఆ లేఖలే సాక్ష్యం. లేఖల పుట లేకపోతే ఆ సాక్ష్యం మిగిలేది కాదు.

లేఖ రాయని పాఠకుల సంగతి వేరు. నల్లజాతి రచయిత శామ్యూల్ ఆర్. డెలనీ 1998లో రాసిన ఒక వ్యాసంలో తన అనుభవాన్ని నమోదు చేశాడు. అతని నవల 'నోవా'ను ధారావాహికగా ప్రచురించడానికి క్యాంప్‌బెల్ నిరాకరించాడు. నల్లజాతి కథానాయకునితో తన పాఠకులు మమేకం కాలేరన్నది చెప్పిన కారణం. 1968లో ఆ నవల పుస్తకంగా వెలువడి, తరువాతి సంవత్సరం హ్యూగో పురస్కార పరిశీలనకు పాఠకుల ఓట్లతోనే ఎంపికైంది. ముప్పై ఏళ్ళుగా పాఠకుల మెప్పును లెక్కగట్టిన సంపాదకుడు ఈ ఒక్క సందర్భంలో పాఠకులను అడగకుండానే వారి పేరున తీర్పు చెప్పాడు. పాఠకాభిప్రాయం వినవలసిన మాటగా ఉన్నంతకాలం ప్రక్రియను పెంచింది. సంపాదకుని ఊహగా మారినప్పుడు ద్వారాన్ని మూసింది.

ముగింపు

పై పరిశీలన వల్ల రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. పాఠకులు పరస్పరం అభిప్రాయాలు పంచుకొనే వీలు కలిగినప్పుడు భావయిత్రీ ప్రతిభ వ్యక్తిగుణంగా మిగిలిపోక సామాజిక శక్తిగా రూపొందుతుంది. అరోచకి, సతృణాభ్యవహారి, మత్సరి, తత్త్వాభినివేశి వేర్వేరు మనుషులు కానక్కరలేదని, ఒకే పాఠకుడు కాలక్రమంలో వీరందరూ కాగలడని లవ్‌క్రాఫ్ట్, అసిమోవ్, నైట్‌ల జీవితాలు చూపుతున్నాయి. రెండవది, పాఠకాభిప్రాయం పేరిట వెలువడిన ప్రతి నిర్ణయం వెనుక ఎవరి లేఖలున్నాయి, ఎవరివి లేవు అని పరిశోధకుడు ప్రశ్నించవలసి ఉంటుంది.

ఈ ప్రశ్న తెలుగు నవలా పరిశోధనకూ వర్తిస్తుంది. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలుకొని రాసిన జానపద అద్భుత ధారావాహికలు 'చందమామ'లో రచయిత పేరు లేకుండానే తరాల పాఠకులను ఆకట్టుకొన్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' 'ఆంధ్రభూమి' వారపత్రికలో వారం వారం పాఠకుల ఎదుటనే సాగింది. ధారావాహిక గ్రంథరూపం దాల్చినప్పుడు కథ మిగులుతుంది, ఆ కథతో పాటు నడిచిన లేఖల పుట రాలిపోతుంది. గ్రంథాలయాలలో మిగిలిన పత్రికల సంపుటాలను కథల కోసం తిరగవేసే పరిశోధకులు లేఖల పుటల వద్ద కూడా ఆగితే, తెలుగు నవలను దాని భావకుల కన్నులతో చూసే చరిత్ర రాయడం సాధ్యమవుతుంది.