రెండు పేటల తాడు

డీఎన్ఏ అణువు రెండు పేటల తాడు. పేటలు రెండూ కుడి మెలికతో ఒకదాన్నొకటి చుట్టుకుని సాగుతాయి. లోపలివైపు ఎడెనిన్ ఎదుట థైమిన్, గ్వానిన్ ఎదుట సైటోసిన్ అనే క్షారాలు నిలుస్తాయి. ఈ నిర్మాణాన్ని జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ 1953 ఏప్రిల్ 25 నాటి ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. తుంగభద్ర ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడాదే. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన రాయచూరు జిల్లాకు ఎడమ కాలువ నీళ్లు అందే దారి దానితో పడింది. ఈ రెంటికీ అప్పట్లో ఏ పొత్తూ లేదు. అది కుదిరింది అర్ధశతాబ్దం తర్వాత, వరిమడిలో.

కేంబ్రిడ్జిలో పనిచేసిన వాట్సన్, క్రిక్ జంట స్వయంగా చేసిన ప్రయోగాలు తక్కువ. ఎడెనిన్ ఎంతో థైమిన్ అంత, గ్వానిన్ ఎంతో సైటోసిన్ అంత ఉంటాయని ఎర్విన్ చార్గాఫ్ అంతకుముందే లెక్కతేల్చాడు. లండన్ కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆమె విద్యార్థి రేమండ్ గోస్లింగ్ 1952లో తీసిన ఎక్స్‌రే చిత్రంలో మెలిక ఆనవాలు స్పష్టంగా పడింది. ఆ చిత్రాన్ని ఆమెకు తెలియకుండా వాట్సన్‌కు చూపించింది అదే కాలేజీలోని మారిస్ విల్కిన్స్. ఆ క్షారాల ఆకారంలో అట్టముక్కలు కోసి అటూ ఇటూ పేర్చుతున్నప్పుడు వాట్సన్‌కు అసలు జోడీ దొరికింది. విల్కిన్స్‌తో కలిపి ముగ్గురికి 1962లో నోబెల్ వచ్చింది. ఫ్రాంక్లిన్ 1958లోనే, 37 ఏళ్లకే కన్నుమూసింది. ఆ చిత్రాన్ని అలా చూపించిన సంగతి ఆమె బతికుండగా ఆమెకు ఎవరూ చెప్పినట్టు ఆధారాలు లేవు.

జోడీ నియమం వల్ల ఒక పేట తెలిస్తే రెండోది దానంతటదే తెలుస్తుంది. వేడిచేస్తే పేటలు విడిపోతాయి, చల్లారితే తగిన జతను వెతుక్కుని అంటుకుంటాయి. 1983లో కారీ మల్లిస్ ఊహించిన, డీఎన్ఏ ముక్కకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతికి ఇదే ఆధారం. చిన్న ఆకుముక్కలో కావలసిన జన్యువు ఉందో లేదో దీనితో తేల్చవచ్చు.

రాయచూరు జిల్లాలో ఆ ఎడమ కాలువ కింది సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతుల ఊళ్లను నేటికీ ‘క్యాంపు’లనే అంటారు. అక్కడి మడుల్లో బీపీటీ 5204 పేరు తెలియనివారు అరుదు. బాపట్లలో రూపొందిన ఈ సాంబ మసూరి సన్నగింజకు మంచి ధర పలుకుతుంది. బాక్టీరియా ఎండాకు తెగులుకు మాత్రం తట్టుకోలేదు. ఆకు చివర నుంచి పసుపెక్కి ఎండుతూ వస్తుంది. పంటకు పనికొచ్చే గట్టి మందు లేదు.

ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు జన్యువులకు ఈ తెగులును అడ్డుకునే గుణం ఉంది. మొదటిది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. చిక్కల్లా తక్కిన రెంటితోనే. అవి అంతర్గత జన్యువులు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి జత పూర్తయితే తప్ప గుణం బయటపడదు. సాంబ మసూరితో మళ్లీ మళ్లీ సంకరం చేసేటప్పుడు మొక్కకు తెగులు సోకిందో లేదో చూస్తూ కూర్చుంటే, లోపల ఒక్క ప్రతి దాగున్న మొక్కను పారేసుకోవడమే అవుతుంది. పీసీఆర్ పరీక్షతో వెతికే డీఎన్ఏ గుర్తు (మార్కర్) ఆ ఒక్క ప్రతిని నారు దశలోనే పట్టిస్తుంది.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఈ పని చేశాయి. మూడు జన్యువులున్న దాత వరిని సాంబ మసూరితో కలిపి, తరతరానికీ ఆకులు పరీక్షిస్తూ నాలుగుసార్లు తిరిగి సాంబ మసూరితోనే సంకరం చేశారు. ఒక పరీక్ష ఈ మూడింటినీ వెతికితే, ఇంకో రకం పరీక్ష తక్కిన జన్యుపదార్థం ఎంతవరకు సాంబ మసూరిదే అయిందో చూసేది. అందుకే గింజ, రుచి మారలేదు. 2008లో ఇది మెరుగుపరచిన సాంబ మసూరిగా విడుదలైంది. రాయచూరు రైతుకు తెలిసిన బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువును ప్రయోగశాలలో చొప్పించారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు, వరికీ వరికీ జరిగిన పరాగ సంపర్కమే. ఇక సుడిదోమ, అగ్గితెగులు విషయంలో ఈ మూడు జన్యువులూ చేయగలిగిందేమీ లేదు.