సిగరెట్ పెట్టెకు ఆఖరి కిక్

ఆమ్‌స్టర్‌డామ్ శివార్లలో అడవి. ఉదయం ఎనిమిది గంటలు. ఆ రోజు జట్టుకు సెలవు. అయినా ఒక కుర్రాడు చలిలో చెట్ల మధ్య నిలబడి కోచ్ కోసం ఎదురుచూస్తున్నాడు. అది అతనికి పడిన శిక్ష.

అయాక్స్ క్లబ్ ఆటగాళ్లంతా ఆ అడవిలో రౌండ్లు కొట్టేవాళ్లు. ఇతను మాత్రం మెల్లగా గుంపు వెనక్కి జారి, అదను చూసి ఓ చెట్టు చాటున నక్కేవాడు. మిగతావాళ్లు మళ్లీ అటుగా వచ్చినప్పుడు ఏమీ ఎరగనట్టు వాళ్లలో కలిసిపోయేవాడు. కొన్నాళ్లు బాగానే సాగింది. కానీ అక్కడున్న కోచ్ రీనస్ మిఖెల్స్. ఆటగాళ్లు ‘జనరల్’ అని పిలుచుకునే మనిషి. ఆయన కళ్లుగప్పడం అంత తేలిక కాదు. విషయం పసిగట్టి, సెలవు రోజు పొద్దున్నే వచ్చి ఒంటరిగా పరుగెత్తమన్నాడు.

చెప్పిన వేళకు కారు వచ్చి ఆగింది. లోపల మిఖెల్స్ పైజమాలోనే ఉన్నాడు. చలి ఎక్కువగా ఉందని, తాను పోయి మళ్లీ పడుకుంటున్నానని చెప్పి కారులో అలాగే వెళ్లిపోయాడు. కుర్రాడు నిర్ఘాంతపోయి అక్కడే నిలబడిపోయాడు.

ఈ ముచ్చటను ఆ కుర్రాడే పెద్దయ్యాక తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అతనే యోహాన్ క్రైఫ్. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్‌కు ప్రపంచ పటంలో చోటు తెచ్చినవాడు. 14వ నంబరు చొక్కాను తన పేరుకు మారుపేరు చేసుకున్నవాడు. పరుగు సాధన అంటే అతనికి గిట్టదు. సిగరెట్ మాత్రం ప్రాణం.

ఆడుతూనే దమ్ము

1971, 72, 73... వరుసగా మూడేళ్లు అయాక్స్ యూరోపియన్ కప్పు గెలిచింది. ఐరోపా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ క్రైఫ్‌ను 1971లో, 1973లో, 1974లో వరించింది. 1974 ప్రపంచకప్ ఫైనల్లో మ్యూనిక్ మైదానంలో ఆట మొదలైందో లేదో, జర్మన్ల కాలికి బంతి తగలకముందే దూసుకెళ్లి తన జట్టుకు పెనాల్టీ సంపాదించిపెట్టాడు. ఆ మ్యాచ్‌లో నెదర్లాండ్స్ 2-1తో ఓడిపోయినా, లోకం గుర్తుంచుకున్నది మాత్రం అతని ఆటనే.

ఇంత ఆట ఆడినవాడు డ్రెస్సింగ్ రూములో సిగరెట్ వెలిగించేవాడు. విరామంలోనూ ఓ దమ్ము లాగేవాడు. రోజుకు ఇరవై వరకూ తాగేవాడని చెబుతారు. అడిగేవాడెవడు? ఆ కాలంలో ఆటగాళ్లు పొగ తాగడం వింతేమీ కాదు. పైగా గోల్స్ పడుతున్నాయి, కప్పులు వస్తున్నాయి. 1984లో 37 ఏళ్ల వయసులో ఫెయెనూర్డ్ క్లబ్బుకు లీగ్, కప్పు రెండూ గెలిపించి మరీ ఆట నుంచి తప్పుకున్నాడు.

ఇదిగో, ఇలాంటి కథలే మన కుర్రాళ్లకు ఆసరా. ‘వాడు తాగలేదా? వాడికేమైంది?’ అంటారు. ఏమైందో తెలియాలంటే ఒంట్లోకి తొంగిచూడాలి.

పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోకి చేరుతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. రిజర్వేషన్ చేయించుకున్నవాడు రైలెక్కేసరికే టికెట్ లేనివాడు బెర్తు మీద దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు! కండరాలకు అందాల్సిన ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. మరోపక్క నికోటిన్ గుండె వేగం పెంచుతుంది, రక్తనాళాలను బిగిస్తుంది. పొగకు శ్వాసనాళాలు వాచి, కఫం పేరుకుంటుంది. అందుకే అదే వేగంతో పరుగెత్తినా, పొగ తాగేవాడి గుండె ఎక్కువ సార్లు కొట్టుకోవాలి. ఆయాసం ముందొస్తుంది. కాళ్లు త్వరగా బరువెక్కుతాయి. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల శిక్షణను పరిశీలించినప్పుడు కూడా, పొగ తాగేవాళ్ల పరుగు మందగించడమే కాదు, గాయాలూ ఎక్కువేనని తేలింది.

మరి క్రైఫ్‌కు ఇవేవీ వర్తించలేదా? వర్తించాయి. కాకపోతే పదిమందికి ఉండాల్సిన నైపుణ్యం అతనొక్కడిలోనే ఉంది. బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అక్కడ ఉండేవాడు. లోపల జరిగే నష్టాన్ని అలా ఆట కప్పిపుచ్చింది. ఆ నైపుణ్యం లేనివాడు అతని సిగరెట్‌ను మాత్రం అనుకరిస్తే మిగిలేది దగ్గే.

నాన్న పోయిన వయసు

క్రైఫ్‌కు గుండె సంగతి కొత్త కాదు. 1959లో, ప్రాథమిక పాఠశాల చదువు ముగిసిన రోజునే నాన్న గుండెపోటుతో పోయాడన్న కబురు విన్నాడు. నాన్నది కూరగాయలు, పళ్ల దుకాణం. పోయేనాటికి ఆయనకు 45 ఏళ్లు. పిల్లాడికి 12. తరవాత అమ్మ అయాక్స్ క్లబ్బులోనే పారిశుధ్య పని చేసి పిల్లల్ని పెంచింది. నాన్నలాగే తానూ ఆ వయసులోనే పోతానన్న ఊహ క్రైఫ్ మనసులో ఎప్పటినుంచో ఉంది. అది తెలిసీ సిగరెట్ వదల్లేదు. ‘నా ఇష్టం’ అనుకుని మొదలుపెట్టినదే. ఏళ్లు గడిచేకొద్దీ అందులో ఇష్టం ఎంతో, నికోటిన్ బలవంతం ఎంతో తాగేవాడికే తెలియదు.

1991 ఫిబ్రవరి చివరి వారం. అప్పటికి అతను బార్సిలోనా కోచ్. వయసు 43. జట్టు లీగ్ పట్టికలో ముందుంది, ఒత్తిడి తారస్థాయిలో ఉంది. ఒంట్లో నలతగా ఉందని ఆసుపత్రికి వెళ్లాడు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు పూడుకుపోయాయని వైద్యులు తేల్చారు. వెంటనే రెండు బైపాస్‌లు వేశారు. నాన్న కాలంలో లేని వైద్యం కొడుక్కి దొరికింది. తనకూ నాన్నకూ తేడా అదొక్కటేనని ఆ తరవాత అతనే చెప్పుకున్నాడు.

కత్తిగాటుతో బయటపడ్డ ఆ రోజు నుంచి క్రైఫ్ సిగరెట్ ముట్టలేదు. అతను కోలుకునేదాకా సహాయ కోచ్ కార్లెస్ రెషాక్ జట్టును నడిపించాడు. ఆ ఏడాది లీగ్ బార్సిలోనాదే. క్రైఫ్ మళ్లీ మైదానం పక్కన కనిపించినప్పుడు అందరి చూపూ నోటి మీదే. పెదాల మధ్య సిగరెట్ లేదు, లాలీపాప్ పుల్ల ఉంది. చేతికీ నోటికీ ఏదో ఒక పని కావాలి కదా! పెద్ద కోటు వేసుకుని, పసిపిల్లాడిలా చప్పరిస్తూ కూర్చున్న ఆ కోచ్ ఫొటోలు ఊరూరా తిరిగాయి. 1992 మే 20న లండన్ వెంబ్లీలో సాంప్డోరియాను 1-0తో ఓడించి బార్సిలోనా తొలిసారి యూరోపియన్ కప్పు ఎత్తినప్పుడూ ఆ జట్టు కోచ్ అతనే.

పదహారు తన్నులు

శస్త్రచికిత్స తరవాత కాటలోనియా ప్రభుత్వం పొగాకు వ్యతిరేక ప్రచారానికి క్రైఫ్‌ను పిలిచింది. ఆ టీవీ ప్రకటనలో అతను పొడుగు కోటులో నిలబడి ఉంటాడు. కాళ్ల దగ్గర బంతి లేదు, సిగరెట్ పెట్టె ఉంది. దాన్ని పాదంతో లేపుతాడు. తొడ మీద, మడమ మీద, మోకాలి మీద, ఛాతీ మీద, భుజం మీద, తల మీద... కింద పడకుండా పదహారు సార్లు ఆడిస్తాడు. తన జీవితంలో రెండే వ్యసనాలనీ, అందులో ఫుట్‌బాల్ తనకు దాదాపు అన్నీ ఇస్తే, సిగరెట్ దాదాపు అన్నీ లాగేసుకోబోయిందనీ వెనకనుంచి అతని గొంతు చెబుతుంది. ఆఖర్న గాల్లో ఉన్న పెట్టెను ఒక్క తన్ను తంతాడు. అది తునాతునకలైపోతుంది.

నీతిబోధ లేదు, భయపెట్టడం లేదు. ఏ కాళ్లతో పేరు తెచ్చుకున్నాడో ఆ కాళ్లతోనే చెప్పాడు.

కొంత ఆలస్యం, అయినా లాభమే

2015 అక్టోబరులో క్రైఫ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందని బయటపడింది. 2016 మార్చి 24న బార్సిలోనాలో కన్నుమూశాడు. వయసు 68. సిగరెట్ మానేసి అప్పటికి పాతికేళ్లు.

‘మానేసినా వచ్చిందిగా, ఇక మానడం ఎందుకు?’ అని వాదించేవాళ్లు ఉంటారు. తప్పు లెక్క అది. మానేస్తే ముప్పు తగ్గుతుంది, సున్నా కాదు. ఏళ్లతరబడి పీల్చిన పొగ చేసిన గాయాలన్నీ మాసిపోవు. కానీ నాన్న 45 దాటలేదు, కొడుకు 68 చూశాడు. మధ్యలో కప్పులు గెలిచాడు, మనవల్ని ఎత్తుకున్నాడు, ఒక తరం ఆటగాళ్లను తీర్చిదిద్దాడు. ఆ ఏళ్లలో కొన్ని సర్జన్ ఇచ్చినవైతే, కొన్ని అతను పారేసిన పెట్టె ఇచ్చినవి.

మన ఊళ్లలో తెల్లారగట్ల మైదానాలకు వెళ్లండి. కానిస్టేబుల్ కొలువు కోసం వందలమంది పరుగెడుతుంటారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. అక్కడ ఒక్క సెకను తేడాతో ఏళ్ల కష్టం బూడిదైపోతుంది. అదే మైదానం బయట టీ బడ్డీ దగ్గర సాధన అవగానే సిగరెట్ వెలిగించేవాళ్లూ కనిపిస్తారు. పొద్దున్న చెమటోడ్చి సంపాదించిన దమ్ములో కొంత అక్కడే ఊదేస్తున్నారు.

తమ్ముళ్లూ, తాగడం మీ ఇష్టమే, కాదనడానికి మేమెవరం? కానీ ఒకటి గుర్తుంచుకోండి. మానేసిన పన్నెండు గంటల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని వారాల్లో రక్తప్రసరణ, ఊపిరి మెరుగుపడతాయి. ఏడాదిలో గుండెజబ్బు ముప్పు తాగేవారితో పోలిస్తే సగమవుతుంది. పదేళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పూ సగానికి పడిపోతుంది. ఒంటరిగా మానలేకపోతే సిగ్గుపడక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు 1800-11-2356 ఉంది. ఆపరేషన్ బల్ల దాకా ఆగకుండా ఈ వారమే ఫోన్ చేయండి.