రాక్షసులు కట్టని గుళ్ళు

అంతరిక్ష నవలలలో తరచుగా కనిపించే ఘట్టమొకటి ఉన్నది. వేల యేండ్ల తరువాతి కాలంలో ఒక నౌక ఏదో గ్రహంపై దిగుతుంది. అక్కడ కట్టడాలుంటాయి, కట్టినవారుండరు. రహస్యం తేలకముందే నౌకలోనివారు నిధి కోసం ఒకరిపై ఒకరు కుట్రలు పన్నుతారు. అది చదివినప్పుడల్లా నాకు దామరవాయి గుర్తుకు వస్తుంది.

తాడ్వాయి అడవి ప్రాంతపు ఈ గ్రామం 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాకు మారింది. అక్కడి గుట్టలపై నిలువు రాతిపలకలే గోడలుగా, ఒకే పెద్దబండ కప్పుగా అమర్చిన గదులున్నవి. అవి ఇనుపయుగపు సమాధులు. జనం మాత్రం రాక్షస గుళ్ళంటారు.

జనగామలో తెలుగు చెప్పే రోజులలో పిల్లలను అక్కడికి తీసుకొనిపోయాను. ఇంతటి బండలు రాక్షసులే ఎత్తి ఉంటారని నేనూ తడుముకోకుండా చెప్పాను. ఒక బాలిక, "మరి వాళ్ళు ఏ భాష మాట్లాడేవాళ్ళు సార్?" అని అడిగింది. భాషాపండితుడినైన నాకు నోట మాట రాలేదు.

ఆ జాతి మనకు చదువదగిన వ్రాత ఒక్కటీ మిగల్చలేదు. పేరు తెలియనివారికి మనమే పేర్లు పెట్టాము. బండలెత్తినవారు రాక్షసులైనారు. రేగొండ దాపున రాతిచిత్రాలున్న కొండలు పాండవుల గుట్టలైనవి. ఆ చిత్రాలు 1990లో గాని పరిశోధకుల దృష్టికి రాలేదు. పురాణనామం తగిలించిన తరువాత ఇక ఎవరని అడగవలసిన పని లేకపోయింది.

రేపు మన గతి ఏమి? 1977లో అమెరికా పంపిన రెండు వాయేజర్ నౌకలలో బంగారుపూత రాగి పళ్ళెములున్నవి. వాటిలో 55 భాషల పలకరింపులున్నవి. తెలుగు అందులో ఒకటి. వినేవారికి మన భాషలేవీ తెలియవు గనుక పళ్ళెమును మ్రోగించే విధానాన్ని మూతపై బొమ్మలుగా చెక్కారు. సుమారు 40,000 యేండ్లకు మొదటి నౌక మరొక నక్షత్రానికి 1.6 కాంతిసంవత్సరాల దూరంలో సాగిపోతుందట. అప్పటికి తెలుగు ఉంటుందో లేదో! అది దొరికినవారు మనలను మాత్రం రాక్షసులనరాదని కోరుకొంటాము.

దామరవాయివారు ఏ బొమ్మా చెక్కి పంపలేదు. ఇటువంటి సమాధులలో దొరికే కుండపెంకు, ఇనుపముక్క, ఎముక, అవి ఉన్న తీరు, ఇవే వారి లేఖ. గుప్తనిధుల ఆశతో సమాధులు తవ్వేవారు నవలలోని కుట్రదారులకు తీసిపోరు. బంగారం దొరకక పోతారు. పోతూ లేఖను చింపిపోతారు.

ఆ బాలికకు నేనివ్వవలసిన జవాబు ఇప్పుడు తెలిసింది. "వాళ్ళ భాష మనకు తెలియదమ్మా. కాని రాక్షసులు కారు. చచ్చిపోయిన తమవారి కోసం ఇంత బరువు మోసిన మనుషులు."